అద్దె ఇంట్లో ఉగాది అలంకరణ: మేకు కొట్టకుండా, ప్లాస్టిక్ లేకుండా

మీ ప్రశ్న చదివాను. హైదరాబాదులో మూడో అంతస్తులో అద్దె ఇల్లు, గోడకు మేకు కొట్టకూడదని యజమాని షరతు, ఇంట్లో పదేళ్ళ పాప, పండగకు ఇంకా పది రోజుల వ్యవధి. ఉగాదికి ఇంట్లోకి అడుగుపెట్టగానే వసంతం వచ్చినట్టు ఉండాలి, అంగట్లో దొరికే ప్లాస్టిక్ తోరణాలు వద్దు, ఖర్చు ఎక్కువ కాకూడదు, పాప కూడా చేయి కలపాలి, అమెరికాలో ఉన్న మీ అక్కకూ పనికిరావాలి అన్నారు. నేను బడిలో డ్రాయింగు, చేతిపనుల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని పండగ పనులు చేయించడం నాకు జీవితమంతా చాలా ఇష్టమైన పని. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

అన్నిటికంటే ముందు, ఇల్లంతా అలంకరించాలన్న ఆలోచన మానుకోండి. గుమ్మం, కూర్చునే గదిలో ఒక మూల, ఒక కిటికీ. ఈ మూడు చోట్లా శ్రద్ధగా చేస్తే చాలు. ప్రతి గోడకూ ఏదో ఒకటి వేలాడదీస్తే చూసే కంటికి ఆగే చోటు ఉండదు. రెండో సంగతి, ఏం కొనాలో జాబితా రాసుకోకుండా, ఈ వారం మీ వీధిలో ఏం చిగురించిందో, ఏం పూసిందో ఒకసారి నడిచి చూసి రండి. పాపను వెంట తీసుకెళ్ళండి. నా లెక్కలో అలంకరణ అక్కడే మొదలవుతుంది.

ఇలా చెప్పడానికి కారణం ఉంది. ఉగాది ప్రతి ఏడాదీ ఒకే తారీఖున రాదు. చాంద్రమానం కనుక ముందుకూ వెనక్కూ జరుగుతుంది. 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న. మూడు వారాల దాకా తేడా. మార్చిలో వచ్చిన ఉగాదికి వేపచెట్టు అక్కడక్కడా మాత్రమే పూతకు వస్తుంది, రావి చిగుళ్ళు మాత్రం రాగి రంగులో మెరుస్తూ ఉంటాయి. ఏప్రిల్‌లో వస్తే వేప పూత చెట్టు నిండా ఉంటుంది, రావి ఆకు అప్పటికే ముదిరి పచ్చబడుతుంది, మల్లెలు మార్కెట్టును ముంచెత్తుతాయి. కాబట్టి పోయినేడు చేసిందే ఈ ఏడూ చేయాలని పట్టుబడితే వాడిన సరుకు వెతుక్కోవలసి వస్తుంది. ఉగాది అలంకరణ ఏటేటా కొంచెం మారాలి, అదే దాని అందం.

హైదరాబాదు వీధుల్లో ఈ రోజుల్లో మీ కంటబడేవి ఇవి. కానుగ చెట్లు రోడ్ల పక్కన చాలానే ఉన్నాయి. పాత ఆకు రాల్చి లేత ఆకుపచ్చ చిగురు తొడుగుతాయి, ఆ ఆకు ఎండలో నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. వేప, రావి సంగతి చెప్పాను. ఊరి పొలిమేరల వైపు వెళితే మోదుగు చెట్లు కనిపిస్తాయి. ఆకు లేని కొమ్మల మీద కాషాయం రంగు పూలు హోలీ నాటికి విరగబూసి, ఉగాదికి చాలావరకు రాలిపోతాయి. చెట్టు కింద ఎండిన పూలు దొరికితే ఏరి తెచ్చుకోండి, వాటితో పని ఉంది. చిన్న కొమ్మలు కోయవలసి వస్తే మీ అపార్టుమెంటు ఆవరణలోనో, తెలిసిన వారి పెరట్లోనో అడిగి కోయండి. పార్కుల్లో కోయవద్దు. కోసేది పొద్దున్నే, ఎండ ఎక్కకముందే. కొమ్మ చివర ఏటవాలుగా కోసి, కింది ఆకులు తీసేసి, మెడ దాకా నీళ్ళలో గంటో రెండు గంటలో ముంచి ఉంచితే లేత చిగురు కూడా వాలిపోకుండా నిలబడుతుంది. మధ్యాహ్నం కోసిన చిగురును ఎంత నీళ్ళలో పెట్టినా లాభం లేదు. రావి కొమ్మ కోస్తే పాలు కారతాయి, అవి ఆగేదాకా కడిగి అప్పుడు సీసాలో పెట్టండి.

పూలు కొనాలంటే గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు తెల్లవారుజామున వెళ్ళండి. పండగ ముందు రోజు మామిడాకు కట్టలు ప్రతి వీధి మలుపులోనూ అమ్ముతారు కానీ, ఎప్పుడు కోసినవో తెలియదు. తెలిసిన చెట్టు ఉంటే అదే మేలు. ఆంధ్రలో ఉండి అడిగేవారైతే కడియపులంక పేరు చెప్పేదాన్ని. ఆ చుట్టుపక్కల పూల తోటలు, నర్సరీలు చూడటమే ఒక పండగ.

ఇక తోరణం. దీని గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఆకు తొడిమను దారానికి చుట్టి ముడివేసి వదిలేస్తారు. సాయంత్రానికి ఆకులన్నీ దారం మధ్యకు జారి గుంపుగా చేరతాయి.

ఆకు ఎంపిక ముందు. ఎర్రగా మెరిసే లేతాకు చూడముచ్చటగా ఉంటుంది కానీ పూట తిరగకుండానే ముడుచుకుపోతుంది. బాగా ముదిరిన ఆకు మడిస్తే ఫట్టున విరుగుతుంది. మధ్యస్థంగా ఉన్న ఆకు కావాలి. అడ్డంగా మడిచి చూడండి. విరగకుండా, మెత్తగా చతికిలబడకుండా వంగితే అది తోరణానికి పనికొచ్చే ఆకు. కోసినప్పుడు తొడిమ దగ్గర సొన కారుతుంది. అది చర్మానికి తగిలితే కొందరికి మంటపుట్టి పొక్కుతుంది, పాప చేతికి అంటనివ్వకండి. ఆకులు కడిగి, తుడిచి, తడి బట్టలో చుట్టి వెదురు బుట్టలో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే లోపల చెమ్మ పట్టి నల్ల మచ్చలు వస్తాయి.

తాడు పురికొస తీసుకోండి, నైలాను వద్దు. నైలాను మీద ఆకు నిలవదు. కొబ్బరి ఈనెలు కావాలి. పచ్చి కొబ్బరాకు దొరికితే ఆకు చీల్చి ఈనె తీయండి, లేదంటే వాడని కొత్త చీపురులోంచి నాలుగు పుల్లలు లాగి, అరగంట నీళ్ళలో నానబెట్టండి. నానిన ఈనె విరగకుండా వంగుతుంది. మీ గుమ్మం మూడున్నర అడుగుల వెడల్పు ఉంటుందనుకుంటే, రెండంగుళాలకు ఒకటి చొప్పున ఇరవై ఒక్క ఆకులు పడతాయి.

ఆకును నిగనిగలాడే వైపు మీకు ఎదురుగా, కొన కిందికి ఉండేలా పట్టుకోండి. తొడిమ కత్తిరించేయండి. పై నుంచి మూడో వంతును తాడు మీదుగా వెనక్కి మడవండి. ఇప్పుడు తాడు ఆ మడతలో ఇరుక్కుని ఉంటుంది. ఈనెను నడిమి నరానికి పక్కగా, ముందు పొరలోంచి గుచ్చి, పురికొస పేటల మధ్యలోంచి పోనిచ్చి, వెనక పొరలోంచి బయటకు తీయండి. అదే ఈనెను మళ్ళీ వెనక నుంచి ముందుకు ఒక్క కుట్టు వేసినట్టు గుచ్చి, మిగిలింది విరిచేయండి. కిటుకంతా ఆ పేటల మధ్యే ఉంది. ఈనె తాడులోంచి దూరింది కనుక ఆకు అటూ ఇటూ జరగదు. నరం మీద గుచ్చితే ఆకు చీలుతుంది, నరానికి మరీ దూరంగా గుచ్చితే బరువుకు పక్కకు తిరుగుతుంది. రెండు మూడు ఆకులు చేసేసరికి చేయి పట్టుబడుతుంది. పదేళ్ళ పిల్ల నిక్షేపంగా చేయగలదు. ఈనె కొన మాత్రం మీరే ఏటవాలుగా కోసి ఇవ్వండి.

మధ్యమధ్యలో వేపరెమ్మలు గుచ్చాలనుకుంటే పండగ రోజు పొద్దున్నే గుచ్చండి, అవి మధ్యాహ్నానికే వడలిపోతాయి. బంతిపూలు కావాలంటే మూడాకులకు ఒకటి చాలు. ఆకులు కనబడనంతగా బంతిపూలు గుచ్చిన తోరణం పెళ్ళి మంటపానికి బాగుంటుంది కానీ ఇంటి గుమ్మానికి బరువైపోతుంది. పైగా బంతి, చామంతులకు దసరా నుంచి సంక్రాంతి దాకా అసలు రాజ్యం. ఈ నెలలో ఆ అధికారం చిగురుకూ మల్లెకూ అప్పగించాలి.

మేకు లేకుండా ఎలా కట్టాలి అన్నారు. మీ గుమ్మానికి బయట ఇనుప గ్రిల్ తలుపు ఉంటే దాని పై చట్రానికి రెండు చివరలా ముడివేయండి, ఇక ఆలోచించే పని లేదు. గ్రిల్ లేకపోతే కర్టెన్లకు వాడే స్ప్రింగు రాడ్డు ఒకటి గుమ్మం చట్రం లోపలి వైపు బిగించి, దానికి తోరణం కట్టండి. స్ప్రింగు ఒత్తిడితోనే నిలబడుతుంది, తీసేస్తే గీత కూడా మిగలదు. జిగురు కొక్కేలు కూడా పనిచేస్తాయి, తోరణం బరువు ఏపాటిది! కాకపోతే సున్నం వేసిన గోడకు అంటిస్తే తీసేటప్పుడు పెచ్చు ఊడుతుంది. వాటిని పాలిషు పెట్టిన చెక్క మీదో, టైలు మీదో మాత్రమే అంటించండి.

గడపకు పసుపు రాసే ముందు అది దేనితో చేశారో చూసుకోండి. చెక్క గడపకు పసుపు రాయడం మన అలవాటు, దానికి ఇబ్బంది లేదు. మీలాంటి ఇళ్ళలో గ్రానైటు గడప ఉంటుంది. నల్ల గ్రానైటు మీద పసుపు అంతగా అంటదు, కానీ పక్కనున్న పాలరాయికో టైళ్ళ మధ్య తెల్ల సిమెంటుకో తగిలితే మరక దిగిపోతుంది. దాన్ని సబ్బుతో తోమబోతే ఎర్రబడి మరింత కంగారు పెడుతుంది. భయం లేదు, సబ్బులో ఉండే క్షారగుణానికి పసుపు ఎర్రబడుతుంది, నీళ్ళతో బాగా కడిగితే ఆ ఎరుపు పోతుంది. మిగిలిన పసుపు మరక ఎండ తగిలే చోటైతే కొద్ది రోజులకు దానంతట అదే వెలిసిపోతుంది. ఎండ పడని చోట పట్టుకుంటే మాత్రం మొండిది. అందుకని గడప అంచు దాటకుండా రెండు వైపులా కాగితపు టేపు అంటించి, మధ్యలో పసుపు ముద్ద రాసి, ఆరాక టేపు తీసేయండి. కుంకుమ బొట్లు సమదూరంలో రావాలంటే ముందు రెండు కొసల్లో రెండు, తర్వాత సరిగ్గా మధ్యలో ఒకటి, ఆ తర్వాత సందుల మధ్యలో పెట్టుకుంటూ పోవాలి.

ముగ్గు విషయంలో అపార్టుమెంటు వాళ్ళకు ఉన్న కష్టం నాకు తెలుసు. వరండాలో ముగ్గు వేస్తే ఊడ్చేవాళ్ళు ఊడ్చేస్తారు, పక్కింటి వాళ్ళు తొక్కేస్తారు, నున్నటి టైలు మీద పిండి నిలవదు. దీనికి నేను అందరికీ చెప్పేది పీట ముగ్గు. పాత చెక్క పీట గానీ, రెండడుగుల ప్లైవుడ్ ముక్క గానీ తీసుకోండి. నర్సరీలో గుప్పెడు ఎర్రమన్ను అడిగి తెచ్చి, పల్చటి బట్టలో జల్లించి, నీళ్ళతో పాటు రెండు చెంచాల చిక్కటి గంజి కలపండి. గంజి కలపకపోతే ఆరాక మన్ను పొడిగా రాలుతుంది. కుంచెతో రెండు పూతలు వేసి ఆరనివ్వండి. ఆ ఎరుపు మీద తెల్ల ముగ్గు పడితే దాని ముందు ఏ రంగుల రంగవల్లీ నిలవదు.

దాని మీద వేసేది తడి ముగ్గు. పావు గ్లాసు బియ్యం రెండు మూడు గంటలు నానబెట్టి, వేళ్ళ మధ్య రాపిడి తెలియనంత మెత్తగా రుబ్బండి. చిక్కటి పాలలా ఉండేట్టు నీళ్ళు కలపండి. నిమ్మకాయంత నూలు గుడ్డ ముక్కను అందులో ముంచి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పట్టుకోండి. మెల్లగా నొక్కితే పిండి నీళ్ళు ఉంగరపు వేలి మీదుగా జారతాయి. ఆ వేలి కొసే మీ కుంచె. గీస్తున్నప్పుడు గీత సరిగా కనబడదు, నీటి చారలా ఉంటుంది. అక్కడే అందరూ కంగారుపడి మళ్ళీ మళ్ళీ దిద్దుతారు. దిద్దకండి. పావుగంటలో ఆరి, తెల్లగా పైకి తేలుతుంది. రెండుసార్లు దిద్దిన చోట పిండి మందమై, ఆరాక బీటలిచ్చి పెచ్చులూడుతుంది. ఉగాదికి నాకు ఇష్టమైనది మామిడి పిందెల ముగ్గు. పట్టుచీర అంచులో ఉండే వంపు తిరిగిన పిందె ఆకారాన్ని మధ్య చుక్క చుట్టూ ఎనిమిది వైపులా వేయండి. చుక్కలు లెక్కపెట్టనక్కర్లేదు కనుక పాపకూ సులువు. పండగయ్యాక పీట కడిగేస్తే శ్రీరామనవమికి మళ్ళీ పనికొస్తుంది. బియ్యప్పిండికి చీమలు వస్తాయి, రానివ్వండి. వాటికీ పండగే. పీటను మాత్రం గుమ్మం బయటే ఉంచండి.

మీకున్న పది రోజుల్లో ఇవాళే మొదలుపెట్టవలసిన పని ఒకటుంది, అది మొలకల మూకుడు. మన పెళ్ళిళ్ళలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించడం చూసే ఉంటారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందు జరిగే అంకురార్పణ కూడా ఆ పద్ధతే. ఇరాన్ వాళ్ళు మార్చి 20, 21 తేదీల్లో వచ్చే నౌరోజ్ పండగకు ఇలాగే గోధుమలు మొలకెత్తించి పచ్చటి గడ్డిని బల్ల మీద పెట్టుకుంటారు. వసంతాన్ని ఇంట్లోకి పిలవడానికి గింజను మించింది లేదని ఇన్ని చోట్ల మనుషులకు తోచిందంటే నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

వంటింట్లోని గోధుమలే వాడండి. విత్తనాల దుకాణంలో అమ్మే వాటికి మందు పట్టించి ఉంటుంది, పిల్లల చేతికి మంచిది కాదు. రెండు గుప్పెళ్ళ గోధుమలు రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వంచి, తడి బట్టలో మూటకట్టి, తెల్లటి మొలక కొన కనబడేదాకా ఉంచండి. వెడల్పాటి మట్టి మూకుట్లో రెండంగుళాల మన్ను పోసి తడిపి, గింజలను ఒకదాని పక్కన ఒకటి ఒకే వరసగా పరచండి. పైన తడి బట్ట కప్పి ఒకటి రెండు రోజులు నీడలో ఉంచి, తర్వాత వెలుతురు వచ్చే కిటికీ దగ్గర పెట్టండి. పొద్దునా సాయంత్రమూ నీళ్ళు చిలకరించడం పాప బాధ్యత. మన ఎండలకు వారం, ఎనిమిది రోజుల్లో నాలుగు వేళ్ళ ఎత్తు గడ్డి దట్టంగా లేస్తుంది. రెండో మూడో రోజున వేళ్ళ చుట్టూ తెల్లటి నూగు కనబడి బూజేమో అని పారబోసేవారు ఉన్నారు. నీళ్ళు చిలకరించి చూడండి. నూగు వేరుకు అణిగిపోతే అది వేరుకుండే సన్నని కేశాలు, ఏమీ కాదు. సాలెగూడులా గింజల మీదుగా అల్లుకుని బూడిద రంగులో ఉంటేనే బూజు. గింజలు ఒత్తుగా పోసినా, నీళ్ళు నిలిచినా బూజు పడుతుంది. పెసలు ఇంకా త్వరగా లేస్తాయి కానీ కాడ సన్నమై వాలిపోతాయి. మెంతులు పొట్టిగా, చిక్కగా వస్తాయి, చిన్న ప్రమిదల్లో వేసి కిటికీ గట్టు మీద వరసగా పెట్టుకోవడానికి అవి బాగుంటాయి.

పాప కోసం ఇంకొకటి, పసుపు జెండాలు. పాత తెల్ల నూలు పంచె గానీ దిండు గలీబు గానీ త్రికోణాలుగా కత్తిరించండి. పటిక నీళ్ళలో ముందు ఒక పూట నానబెట్టండి. వంద గ్రాముల బట్టకు పదిహేను, ఇరవై గ్రాముల పటిక సరిపోతుంది. తర్వాత పసుపు వేసి మరిగించిన నీళ్ళలో అరగంట ఉంచి, పిండి, నీడలో ఆరేయండి. ఇప్పుడు పాప చేతికి కుంచె ఇచ్చి, సున్నపు తేటలో (సున్నం కలిపిన నీళ్ళు అడుగుకు దిగాక పైన నిలిచే నీరు) ముంచి బొమ్మ వేయమనండి. తేట మంచినీళ్ళలా రంగు లేకుండా ఉంటుంది, బట్టకు తగలగానే గీత ఎర్రగా మారుతుంది. పారాణిలో జరిగేదీ ఇదే, పసుపుకు సున్నం కలిసి ఎరుపు. బడిలో ఈ పని చేయించినప్పుడు మొదటి గీతకు పిల్లలు వేసే కేక వినడానికే ప్రతి ఏడాదీ చేయించేదాన్ని. సున్నపు తేట కంట్లో పడితే ప్రమాదం, కనుక మీరు పక్కనే ఉండండి. అంత భయమైతే వంటసోడా నీళ్ళు వాడండి, ఎరుపు కాస్త లేతగా వస్తుంది. కొన్ని రోజులకు ఆ ఎరుపు మట్టి రంగులోకి దిగుతుంది, పసుపు కూడా ఎండ తగిలితే వెలుస్తుంది. ఈ జెండాలను ఎండ పడని కిటికీకో, లోపలి గుమ్మానికో కట్టండి. ఎండిన మోదుగు పూలు దొరికితే వాటిని మరిగించిన నీళ్ళలో కొన్ని జెండాలు ముంచితే ఇంకో రకం పసుపు వస్తుంది, చుక్క సున్నపు తేట కలిపితే నారింజ వైపు తిరుగుతుంది.

బట్ట లేకపోతే రంగు కాగితాలు చాలు. శ్రీరామనవమి పందిళ్ళకు పురికొస మీద కాగితపు జెండాలు అంటించేది మైదా జిగురుతోనే కదా. మైదాను నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి సన్నని సెగ మీద ఉడికించి, చిటికెడు పటిక వేయండి, నాలుగు రోజులు పాడవకుండా ఉంటుంది. పాతరోజుల్లో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో ససేమిరా వద్దు.

కూర్చునే గది మూలకు ఇత్తడి తాంబాళం ఒకటి సరిపోతుంది. చింతపండు గుజ్జు, ఉప్పు కలిపి తోమి, కడిగిన వెంటనే పొడిబట్టతో తుడవండి. దానంతట అదే ఆరనిస్తే నీటి మచ్చలు పడతాయి. ఇంకో పీట మీద తాంబాళం పెట్టి, నీళ్ళు పోసి, గుండుమల్లె మొగ్గలు చల్లండి. మొగ్గలు సాయంత్రం విచ్చుకుంటాయి కనుక మధ్యాహ్నం కొని తెచ్చి, తడి బట్టలో ఉంచి, చుట్టాలు వచ్చే వేళకు గంట ముందు నీళ్ళలో వేస్తే గదంతా వాటి పరిమళమే. మధ్యలో ఒక మామిడి పిందెల గుత్తి పెడితే ఇంకేమీ అక్కర్లేదు. నీళ్ళు ప్రతి రోజూ మార్చండి, నిలవ నీళ్ళలో దోమలు గుడ్లు పెడతాయి. గన్నేరు పూలు రంగుకు బాగుంటాయని వేయకండి, ఆ మొక్క అంతా విషమే.

ఎలాగూ ఎండాకాలానికి కొత్త కుండ కొంటారు. దాన్ని వంటింట్లో దాచకుండా ఈ మూలలోనే ఇసుక పళ్ళెం మీద పెట్టండి. మెడ చుట్టూ పీటకు వాడిన ఎర్రమన్నుతో ఒక పట్టీ, దాని మీద సున్నంతో చుక్కలు. కుండ ఒంటికంతా రంగు పూయవద్దు, మట్టి రంధ్రాలు మూసుకుపోతే నీళ్ళు చల్లబడవు. పూజాసామగ్రి దుకాణంలో వట్టివేళ్ళు దొరుకుతాయి. చిన్న కట్టలుగా నూలు దారంతో కట్టి కిటికీకి వేలాడదీసి, గాలి వచ్చే వేళకు నీళ్ళు చిలకరించండి. కంటికి మామూలుగా కనిపిస్తాయి కానీ, వాటి చల్లటి వాసన ఇల్లంతా పరచుకుంటుంది.

మీ అక్క సంగతి. ఇక్కడి నుంచి మామిడాకులు పంపకండి. తాజా ఆకులు, కొమ్మలు విమానాశ్రయంలో వ్యవసాయ తనిఖీ వాళ్ళు తీసేసుకుంటారు, చెప్పకుండా తీసుకెళితే జరిమానా కూడా పడవచ్చు. ఉగాది రోజుల్లో అక్కడి ఇండియన్ దుకాణాల్లో మామిడాకులు వస్తాయి, ముందుగా చెప్పి ఉంచుకోమనండి. దొరకకపోతే అక్కడి మాగ్నోలియా చెట్టు ఆకు మందంగా, నిగనిగలాడుతూ మామిడాకుకు దగ్గరగా ఉంటుంది, పైన చెప్పినట్టే ఈనె గుచ్చి కట్టవచ్చు. చలి వదలని రాష్ట్రాల్లో ఉంటే ఫోర్సిథియా అనే పూల పొద కొమ్మలు మొగ్గ ఉబ్బే దశలో కోసి గోరువెచ్చని నీళ్ళలో, వెచ్చటి గదిలో పెట్టమనండి. వారం నుంచి మూడు వారాల లోపు ఆకు కంటే ముందే పసుపు పూలు కొమ్మ నిండా విచ్చుకుంటాయి. బయట చెట్లు ఇంకా మోడుగా ఉండగానే ఆమె ఇంట్లో పూలు ఉంటాయి. మొలకల మూకుడు మాత్రం ఏ దేశంలోనైనా ఒకటే, చలికి మరో రెండు మూడు రోజులు ఎక్కువ పడుతుంది అంతే.

ప్లాస్టిక్ మామిడాకుల గురించి మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఏడాది పొడుగునా గుమ్మానికి ఆకుపచ్చగా వేలాడే తోరణం మన కంటికి రెండో వారం నుంచే కనబడటం మానేస్తుంది. పచ్చి ఆకు రోజురోజుకూ ముదిరి, అంచులు ముడుచుకుని, గోధుమరంగుకు తిరుగుతుంటే ఇంట్లో వాళ్ళందరూ గమనిస్తారు. మామిడాకు కుళ్ళకుండా ఎండుతుంది కనుక నాలుగైదు రోజులు నిక్షేపంగా ఉంచవచ్చు. థర్మోకోలు బొమ్మలు, మెరుపుల పొడి చల్లిన పూలు కూడా నేను పాపలాంటి పిల్లల చేతికి ఇవ్వను. ఆ పొడి ఇల్లు వదలదు, కాలువల్లోకి పోయాక నీళ్ళను వదలదు.

ఉగాది నుంచి తొమ్మిదో తిథి శ్రీరామనవమి. అప్పటికి ఎండిన ఆకులు తీసి నలిపి తులసి కుండీలో మన్ను మీద పరచండి, తడి ఆరకుండా కాపాడతాయి. పురికొస దాచి ఉంచి మళ్ళీ అదే వాడండి. గోధుమ గడ్డిని సగానికి కత్తిరిస్తే మరోసారి పెరుగుతుంది. గోధుమలు ఈ రాత్రే నానబెట్టండి. ఈనె గుచ్చే దగ్గర గానీ తడి ముగ్గు దగ్గర గానీ ఎక్కడైనా చేయి ఆగితే ఏ మెట్టులో ఆగారో రాయండి, చూసి చెబుతాను.